కొత్త లగ్జరీ కారుకి బేరం: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త కారు కొనబోయే స్నేహితులు నాకు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలే ఇవి. చాలామంది షోరూమ్ పార్కింగ్‌లో నిలబడి అడుగుతారు, అప్పటికే సగం ఆలస్యమైపోతుంది. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. నేను కార్ల వ్యాపారిని కాను. మొదటి కారుకి బాగా చెయ్యి కాల్చుకుని, ఆ తర్వాత నేర్చుకున్న కొనుగోలుదారుని మాత్రమే.

## ఇంత ఖరీదైన కారు కొంటూ బేరం ఆడితే చిన్నచూపు చూడరా?

చూడరు. చూసినా మీకు పోయేదేం లేదు. కానీ ఈ ప్రశ్న అందరూ ముందుగా అడుగుతారంటేనే తెలుస్తోంది, లగ్జరీ షోరూమ్ నడిచేది మన మొహమాటం మీద అని. తలుపు తీసి పట్టుకునే మనిషి, మెత్తటి సోఫా, పేరు గుర్తుపెట్టుకుని పలకరించే సేల్స్ కుర్రాడు. ఇంత మర్యాద చేశాక "ఎంత తగ్గిస్తారు?" అనడానికి నోరు రాదు. పైగా మధ్యలో ఎవరో ఒకరు నవ్వుతూ "మీ రేంజ్ వాళ్లు సాధారణంగా ధర గురించి ఆలోచించరు సార్" అంటారు. అది పొగడ్తలా వినిపిస్తుంది కానీ, పని చేసేది తాళంలా. మన నోటికే.

నిజానికి బాగా డబ్బున్నవాళ్లే గట్టిగా అడుగుతారు. వాళ్లకి అది అలవాటు, పైగా ఆ అంకెల్లో ఒక్కో శాతం విలువ వాళ్లకి తెలుసు. ఒక మామూలు కారు మీద 3 శాతం తగ్గితే మంచి స్టీరియో వస్తుందేమో. దానికి అయిదింతలు ఖరీదున్న కారు మీద అదే 3 శాతం అంటే, ఆ మామూలు కారు ధరలో 15 శాతం. అడగందే అమ్మైనా పెట్టదు. డీలర్ పెడతాడా?

ఎలా అడగాలో తెలియకపోతే ఈ మాట చాలు: "కారు నచ్చింది. ధర కుదిరితే ఈ వారమే తీసుకుంటాను. మీరు ఇవ్వగలిగిన ధర, అన్నీ కలిపి, కాగితం మీద ఇవ్వండి." ఇందులో ప్రాధేయపడటం లేదు, దబాయింపూ లేదు.

## "సరైన ధర" అంటే ఎంత?

ఒకే అంకె ఉండదు. అదే కారు, అదే వారం, ఇద్దరు డీలర్ల దగ్గర రెండు ధరలకి అమ్ముడుపోవచ్చు. నా లెక్కలో సరైన ధర అంటే, అదే మోడల్‌కి కనీసం ముగ్గురు డీలర్ల దగ్గర రాతపూర్వకంగా తీసుకున్న ధరల్లో తక్కువది. దాంట్లో ప్రతి లైనూ దేనికోసమో మీకు అర్థమై ఉండాలి. ఈ రెండో షరతు లేకపోతే మొదటిదాన్ని నమ్మడానికి లేదు. కారు మీద తగ్గించి, బీమాలో లాగేసిన కొటేషన్ కూడా మొదటి పేజీలో తక్కువగానే కనిపిస్తుంది.

కంపెనీ ప్రకటించిన ధర ఒక సూచన మాత్రమే. అమెరికాలో 1958లో వచ్చిన చట్టం ప్రకారం ప్రతి కొత్త కారు కిటికీ మీదా కంపెనీ సూచించిన ధర, ఆప్షన్ల ధరలు, రవాణా ఖర్చు అతికించి ఉండాలి. అంతకుముందు ఒక్కో డీలర్ ఒక్కో మాట చెప్పేవాడు. ఆ స్టిక్కర్ బేరానికి మొదటి మెట్టు, అంతే. తగ్గించమని అడగడానికీ అదే ఆధారం, గిరాకీ ఉన్న మోడల్‌కి పైన ఇంకొంత వేయడానికీ అదే ఆధారం.

## డీలర్‌కి లాభం ఎక్కడి నుంచి వస్తుంది?

కొత్త కారు మీదే అనుకుంటే పొరపాటు. కారు మీద మార్జిన్ ఉంటుంది, కాదనను. దాంతోపాటు నెలకి, మూడు నెలలకి ఇన్ని కార్లు అమ్మితే కంపెనీ విడిగా ఇచ్చే బోనస్ ఉంటుంది. లోన్ ఇప్పిస్తే బ్యాంకు నుంచి కమీషన్, బీమా చేయిస్తే అక్కడి నుంచి కొంత. ఎక్స్‌టెండెడ్ వారంటీ, యాక్సెసరీలు, మీ పాత కారు తక్కువకి కొని ఎక్కువకి అమ్మడం, ఆ తర్వాత ఏళ్ల తరబడి సర్వీస్ బిల్లులు కూడా ఉన్నాయి.

ఇది తెలిస్తే రెండు సంగతులు అర్థమవుతాయి. ఒకటి, "ఇంతకి ఇస్తే మాకు నష్టం సార్" అనే మాట ఒక్కోసారి కారు వరకు నిజమే కావచ్చు. అయినా అమ్ముతారు, ఎందుకంటే ఆ ఒక్క కారుతో టార్గెట్ పూర్తయితే అమ్మిన కార్లన్నిటి మీదా బోనస్ వస్తుంది. రెండోది, కారు ధర దగ్గర గెలిచామని సంతోషంలో మునిగి ఉన్నప్పుడే మిగతా లైన్లలో ఆ డబ్బు వెనక్కి వెళ్లిపోతుంది. కాబట్టి కారు, పాత కారు, లోన్, అదనపు వస్తువులు, ఈ నాలుగిటికీ నాలుగు బేరాలు విడివిడిగా జరగాలి. కలిపి మాట్లాడితే ఎక్కడ ఇచ్చాడో, ఎక్కడ పట్టుకున్నాడో మీకు ఎప్పటికీ తెలియదు.

## ఏ కారుకి తగ్గిస్తారు? ఏ కారుకి తగ్గించరు?

యార్డులో నిలబడి ఉన్న కారుకి తగ్గిస్తారు. మీ కోసం ఫ్యాక్టరీలో తయారు కావాల్సిన కారుకి తక్కువగా తగ్గిస్తారు. వెయిటింగ్ లిస్టు ఉన్న కారుకి అసలు తగ్గించరు. ఫెరారీ పరిమిత సంఖ్యలో చేసే మోడళ్ల విషయంలో "ఎంతకి ఇస్తారు?" అనే ప్రశ్నే ఉండదు, "మనకి ఇస్తారా?" అనేదే ప్రశ్న.

తగ్గింపు బాగా దొరికే చోటు, పోబోతున్న మోడల్. లగ్జరీ కార్ల తరం మామూలుగా ఆరేడేళ్లు ఉంటుంది, మధ్యలో ఒకసారి బంపర్లు, లైట్లు, స్క్రీన్ మార్చి ఫేస్‌లిఫ్ట్ తెస్తారు. కొత్తది వస్తోందని వార్త బయటికి రాగానే పాతదాన్ని వదిలించుకోవాలి. అప్పుడు మీరు అడగకముందే తగ్గింపు మొదలవుతుంది. అయితే ఒకటి గుర్తుంచుకోండి. కొత్త రూపం రోడ్డు మీదికి రాగానే మీ కారు పాతదిగా కనిపిస్తుంది, అమ్మేటప్పుడు ఆ తేడా మీ మీద పడుతుంది. అయిదారేళ్లు వాడుకునేవాళ్లకి ఇది మంచి బేరం. రెండేళ్లకోసారి మార్చేవాళ్లకి కాదు.

ఎవరూ అడగని రంగు, వింత సీటు రంగు, పెద్ద ఇంజిన్ ఉన్న సెడాన్, వీటికీ డీలర్ మెత్తబడతాడు. ఎలక్ట్రిక్ లగ్జరీ కార్లు సెకండ్ హ్యాండ్‌లో వేగంగా విలువ కోల్పోయాయి, కాబట్టి వాటి మీద గట్టిగానే అడగొచ్చు.

## ఆ కారు యార్డులో ఎన్నాళ్లుగా ఉందో ఎలా తెలుస్తుంది?

నాకు చాలా ఇష్టమైన ప్రశ్న. టైరు పక్కన కూర్చోండి. సైడ్ వాల్ మీద చిన్న అండాకారపు గీతలో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 3523 అని ఉంటే ఆ టైరు 2023లో 35వ వారంలో తయారైంది. ఒకవైపు కనిపించకపోతే రెండోవైపు ఉంటుంది, ఫోన్ లైటు వేసి చూడాలి. టైరు కారు కంటే ముందే తయారవుతుంది కాబట్టి ఇది కారు పుట్టినతేదీ కాదు, కానీ దగ్గరి అంచనా. నాలుగు టైర్లూ ఒకే కాలానివి, పైగా ఏడాది దాటి ఉంటే, కారు చాలాకాలంగా ఎదురు చూస్తున్నట్టే.

డ్రైవర్ తలుపు తెరిస్తే కనిపించే స్తంభం మీద కొన్ని దేశాల్లో తయారైన నెల, సంవత్సరం ముద్రిస్తారు. ఉత్తర అమెరికా మార్కెట్ కార్లలో 17 అక్షరాల విన్ నంబర్‌లో (ఒక్కో కారుకి విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) పదో అక్షరం మోడల్ సంవత్సరం చెబుతుంది. పి అయితే 2023, ఆర్ అయితే 2024, ఎస్ అయితే 2025. చాలా యూరోపియన్ కంపెనీలు మిగతా దేశాలకి పంపే కార్లలో ఈ పద్ధతి పాటించవు, కాబట్టి అక్కడ టైరునే నమ్మండి. తయారీ నెల ఏదో రాసి ఇమ్మని డీలర్‌ని నేరుగా అడగడం అన్నిటికన్నా సులువు.

ఎక్కువకాలం కదలని కారులో బ్యాటరీ నీరసపడుతుంది, టైర్లు ఒకేవైపు నొక్కుకుపోతాయి. ఇవి బేరంలో వాడుకోవాల్సిన కారణాలు మాత్రమే కాదు, డెలివరీకి ముందు కొత్త బ్యాటరీ వేయించుకోవాల్సిన కారణాలు కూడా.

నేను టైరు పక్కన కూర్చుని లేచిన రోజున సేల్స్ కుర్రాడి మాట తీరు మారిపోయింది. అంతకుముందు "ఈ రంగు నిన్ననే వచ్చింది సార్" అన్నాడు. ఆ తర్వాత నిన్న అనే మాట మళ్లీ రాలేదు.

## ఏ రోజు వెళితే మంచిది?

నెలాఖరు, మూడు నెలల టార్గెట్ ముగిసే రోజులు, సంవత్సరం చివర. పైన చెప్పిన బోనస్ లెక్కే కారణం. వారం మధ్యలో రద్దీ లేనప్పుడు వెళితే మాట్లాడే తీరిక ఉంటుంది. కానీ తేదీని దేవుడిలా నమ్మకండి. డీలర్ టార్గెట్ 20వ తేదీకే పూర్తయితే నెలాఖరుకి అతనికి మీ అవసరం లేదు. మీకు తొందర లేకపోవడం, ఏ తేదీ కన్నా పెద్ద బలం. పాత కారు ఆగిపోయి, రేపటికి కొత్తది కావాల్సిన పరిస్థితిలో షోరూమ్‌కి వెళ్లేవాళ్లకి ఏ నెలాఖరూ సాయపడదు. అలాంటప్పుడు పది రోజులకి అద్దె కారు తీసుకోవడం మేలు.

## ముందే ఫోన్‌లో, మెసేజ్‌లో ధర అడగవచ్చా? షోరూమ్‌కి వస్తేనే చెబుతామంటున్నారు.

అడగాలి. షోరూమ్‌లో మీరు ఒక్కరు, వాళ్లు నలుగురు. మెసేజ్‌లో అందరూ సమానమే.

ముందుగా ఒకచోట టెస్ట్ డ్రైవ్ చేసి మోడల్, వేరియంట్, రంగు, ఆప్షన్లు ఖాయం చేసుకోండి. తర్వాత మీకు అందుబాటులో ఉన్న డీలర్లందరికీ ఒకటే మెసేజ్ పంపండి. నేను పంపేది దాదాపు ఇలా ఉంటుంది: "ఫలానా మోడల్, ఫలానా రంగు, ఈ ఆప్షన్లతో రెండు వారాల్లో కొంటాను. కారు ధర, పన్నులు, రిజిస్ట్రేషన్, ఇతర చార్జీలు విడివిడిగా రాసి, మొత్తం ఎంతో పంపండి. బీమా, లోన్, యాక్సెసరీలు చేర్చకండి. మీ దగ్గర ఉన్న కారు తయారైన నెల కూడా రాయండి. ముగ్గురిని అడుగుతున్నాను, ఒక్కరి దగ్గరే కొంటాను."

సగం మంది "ఒకసారి రండి సార్, మంచి ధర చూద్దాం" అంటారు. వాళ్లని వదిలేయండి. రాసి ఇచ్చినవాళ్లలో తక్కువ ధర ఇచ్చినవారి కొటేషన్‌ని, మీకు దగ్గరగా ఉన్న డీలర్‌కి ఒకసారి చూపించండి. ఒకసారే. అక్కడికీ ఇక్కడికీ పది సార్లు తిప్పితే ఎవరూ మిమ్మల్ని సీరియస్‌గా తీసుకోరు. లేని కొటేషన్ ఉందని కూడా చెప్పకండి. "చూపించండి సార్" అంటే అక్కడితో మీ మాటకి విలువ పోతుంది.

లగ్జరీ బ్రాండ్లకి డీలర్లు తక్కువ, ఒక్కోచోట అన్ని షోరూమ్‌లూ ఒకే యజమానివి. అలాంటప్పుడు దూరంగా ఉన్న డీలర్‌నో, పోటీ బ్రాండ్‌నో పోల్చడానికి తెచ్చుకోవాలి. బీఎండబ్ల్యూ అమ్మేవాడికి పక్క వీధిలోని ఆడి కొటేషన్ కూడా పోటీయే.

## "నెలకి ఎంత కట్టగలరు?" అని అడిగితే?

చెప్పకండి. "ముందు కారు ధర తేలాక లోన్ సంగతి చూద్దాం" అనండి. ఈ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పినందుకే నేను మొదటి కారులో నష్టపోయాను.

నెల వాయిదా తెలిస్తే, ధర తగ్గించకుండా కాలం పెంచి ఆ అంకెకి తీసుకురావచ్చు. లక్ష అప్పు, 9 శాతం వడ్డీ అనుకుందాం. 60 నెలలకి ఈఎంఐ సుమారు 2,076. అదే 84 నెలలకి 1,609. నెలకి 467 తగ్గింది, ఎంత బాగుంది! కానీ మొత్తం కట్టేది మొదటిదాంట్లో లక్షా 24 వేల 500 దాకా, రెండోదాంట్లో లక్షా 35 వేల పైన. కారు ధర నయా పైసా తగ్గలేదు. పైగా లగ్జరీ కారు మొదటి మూడు నాలుగేళ్లలోనే విలువ బాగా కోల్పోతుంది. అప్పు మాత్రం ఏడేళ్లు మెల్లగా కరుగుతుంది. మధ్యలో అమ్మాల్సి వస్తే కారు మీద వచ్చేదానికన్నా బ్యాంకుకి కట్టాల్సిందే ఎక్కువ.

మీ బ్యాంకు నుంచి ముందే లోన్ ఆమోదం తెచ్చుకుని వెళ్లండి. డీలర్ అంతకన్నా తక్కువ వడ్డీకి ఇప్పిస్తే సంతోషంగా తీసుకోండి.

## సున్నా వడ్డీ లేదా నగదు తగ్గింపు, ఏదో ఒకటి ఎంచుకోమంటున్నారు. ఏది మంచిది?

సున్నా వడ్డీ అంటే చాలామంది అనుమానంగా చూస్తారు. లెక్క వేస్తే అది నిజంగా పెద్ద తగ్గింపే కావచ్చు. లక్షకి 36 నెలలు సున్నా వడ్డీ అంటే నెలకి 2,778. బయట 9 శాతానికి అప్పు తెస్తే ఇదే ఈఎంఐతో సుమారు 87,350 మాత్రమే వస్తుంది. అంటే ఆ ఆఫర్ విలువ దాదాపు 12,650. నగదు తగ్గింపు అంతకన్నా ఎక్కువ ఉంటేనే దాన్ని ఎంచుకోండి. ఈ లెక్క అప్పు తీసుకున్న మొత్తానికే వర్తిస్తుంది. కారు ధరలో సగం చేతి నుంచి కడితే ఆఫర్ విలువా సగమే. ప్రాసెసింగ్ ఫీజు పేరుతో ఎంత తీసుకుంటున్నారో అది కూడా కలపండి.

## మొత్తం నగదు కడతానంటే ఎక్కువ తగ్గిస్తారా?

చాలావరకు తగ్గించరు. లోన్ మీద వచ్చే కమీషన్ పోతుంది కాబట్టి డీలర్‌కి అది నష్టమే. ధర తేలేవరకు ఎలా కడతారో చెప్పకండి.

## పాత కారు అక్కడే ఇచ్చేయాలా?

సౌకర్యం కావాలంటే ఇవ్వండి, ధర కావాలంటే బయట అమ్మండి. ఏది చేసినా ముందుగా వాడిన కార్లు కొనే ఇద్దరు ముగ్గురి దగ్గర ధర తీసుకోండి. కొత్త కారు ధర కాగితం మీదికి వచ్చాకే పాత కారు మాట ఎత్తండి. లేకపోతే "మీ పాత కారుకి ఎవరూ ఇవ్వనంత ఇస్తున్నాం" అంటూ కొత్తదాని మీద తగ్గింపు ఎగ్గొడతారు. కొన్ని దేశాల్లో పాత కారు విలువ తీసేసి మిగిలినదాని మీదే పన్ను వేస్తారు. అక్కడైతే డీలర్ కాస్త తక్కువ ఇచ్చినా మీకే లాభం కావచ్చు, లెక్క చూసుకోండి.

## తగ్గింపు బదులు ఫ్రీ యాక్సెసరీలు ఇస్తామంటున్నారు.

వాళ్లు చెప్పే విలువ అమ్మకం ధర. వాళ్లకి పడేది అంతకన్నా చాలా తక్కువ. మీకు ఆ వస్తువు అవసరం లేకపోతే దాని విలువ సున్నా. నేనైతే ఎప్పుడూ డబ్బే అడుగుతాను, అదీ పన్నుకి ముందు ఇన్‌వాయిస్‌లో. చాలాచోట్ల పన్ను ఇన్‌వాయిస్ ధర మీద శాతంగా పడుతుంది కాబట్టి, ధరలోనే తగ్గితే దాని మీద పన్నూ తగ్గుతుంది. బిల్లు అయ్యాక క్యాష్‌బ్యాక్ ఇస్తే పన్ను ముందే కట్టేసి ఉంటారు. బీమా కూడా చాలాచోట్ల కారు ధరని బట్టే.

ఒక మినహాయింపు ఉంది. కొన్ని బ్రాండ్లు ధర తగ్గించినట్టు రికార్డుల్లో కనిపించడం ఇష్టపడవు. అప్పుడు డీలర్ నిజంగానే వస్తువుల రూపంలో ఎక్కువ ఇవ్వగలడు. అలాంటప్పుడు సీటు కవర్లు, మ్యాట్లు కాదు, ఎలాగూ ఖర్చు పెట్టాల్సిన సర్వీస్ ప్యాకేజీ అడగండి.

## "మేనేజర్‌ని అడిగి వస్తాను" అని వెళ్లి ఇరవై నిమిషాలు రారు. ఏమిటిది?

అది నాటకంలో ఒక అంకం. ఎదురుచూసేకొద్దీ మీకు విసుగు, "ఇంతసేపు కష్టపడ్డాడు పాపం" అనే జాలి రెండూ పెరుగుతాయి. తిరిగి వచ్చి, స్వరం తగ్గించి "సార్, ఇది మీకు మాత్రమే, ఎవరికీ చెప్పకండి" అంటాడు. కాగితం మీద ముందు చెప్పినదానికన్నా కొంచెమే తక్కువ అంకె ఉంటుంది.

మీరు వచ్చేముందే ఒక అంకె అనుకుని ఉంటే ఇబ్బంది లేదు. "అది నాకు కుదరదు. మీ మేనేజర్‌ని ఇక్కడికే పిలవండి, ముగ్గురం కలిసి మాట్లాడదాం, అందరి టైమూ కలిసొస్తుంది" అనండి. ఆ తర్వాత మౌనంగా ఉండండి. ఇది చాలామందికి చేతకాదు. నిశ్శబ్దం భరించలేక మనమే "పోనీ, సగం సగం చేద్దాం" అనేస్తాం. ఎదుటివాడు కూడా మాట్లాడకుండా కూర్చుంటే కూర్చోనివ్వండి. ఫోన్ చూసుకోండి. కుదరకపోతే థ్యాంక్స్ చెప్పి, నంబర్ ఇచ్చి లేవండి. నా రెండో కారు బేరం కుదిరింది షోరూమ్‌లో కాదు, ఇంటికి చేరి చెప్పులు విప్పుతుండగా వచ్చిన ఫోన్‌లో.

వెంట ఇంకొకర్ని తీసుకెళ్లేటట్టయితే ఒక జాగ్రత్త. కారు చూసి "అబ్బ, ఎంత బాగుందో!" అని పైకి అనేసేవాళ్లని బేరం రోజున తీసుకెళ్లకండి. డెలివరీ రోజున తీసుకెళ్లండి.

## పెయింట్ ప్రొటెక్షన్, టైర్లలో గాలికి బదులు నైట్రోజన్, అండర్‌బాడీ కోటింగ్... ఇవి తీసుకోవాలా?

మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. మిగతా 22 శాతం కోసం డబ్బు కట్టాలా అన్నది మీ ఇష్టం.

పెయింట్‌కి కోటింగ్ వేయించాలనుకుంటే అందులో తప్పు లేదు, మంచిది వేస్తే శుభ్రం చేయడం సులువవుతుంది. కానీ బయట ఆ పనే చేసేవాళ్ల దగ్గర ధర కనుక్కోండి. నా మొదటి కారుకి అన్నీ మాట్లాడుకున్నాక, డెలివరీ రోజు ఇచ్చిన ఇన్‌వాయిస్‌లో "పెయింట్ కేర్" అని ఒక లైను కనిపించింది. నేను అడగలేదన్నాను. "ఆల్రెడీ వేసేశాం సార్, అన్ని కార్లకీ వేస్తాం" అన్నారు. కారుకి పూలదండ వేసి ఉంది, ఇంట్లోవాళ్లు ఫోటోలకి నిలబడ్డారు. కట్టేశాను. మొహమాటం ధర ఎంతో ఆ రోజు అంకెల్లో తెలిసింది. ఆ తర్వాత ఒక అలవాటు చేసుకున్నాను. బుకింగ్ ఫారం మీదే "నేను రాతపూర్వకంగా అడగనిది ఏదీ వేయకూడదు, బిల్లులో చేర్చకూడదు" అని రాసి, వాళ్ల సంతకం తీసుకుంటాను. చివరి ఇన్‌వాయిస్ డెలివరీకి రెండు రోజుల ముందే తెప్పించుకుని ఇంట్లో కూర్చుని చదువుతాను.

## ఎక్స్‌టెండెడ్ వారంటీ కూడా వృథాయేనా?

ఇక్కడ నా అభిప్రాయం వేరు. మామూలు కారుకైతే ఆలోచించమంటాను. లగ్జరీ కారులో ఎయిర్ సస్పెన్షన్, పెద్ద స్క్రీన్లు, లెక్కలేనన్ని సెన్సర్లు ఉంటాయి. వారంటీ ముగిశాక వాటిలో ఒక్కటి పోయినా బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి. అయిదేళ్లు దాటి ఉంచుకునేవాళ్లు తీసుకోవచ్చు. కాకపోతే మూడు సంగతులు చూడాలి. అది కంపెనీ వారంటీయా, వేరే సంస్థదా? ఏవేవి కవర్ కావు? దాన్ని కారు కొన్న రోజే తీసుకోవాలా, మొదటి వారంటీ ముగిసేలోపు ఎప్పుడైనా తీసుకోవచ్చా? చాలా కంపెనీలు తర్వాత కూడా తీసుకోనిస్తాయి, కాబట్టి తొందరలేదు. దీని మీద కూడా బేరం ఉంటుంది, చాలామంది అడగరు. ఎలక్ట్రిక్ కారైతే బ్యాటరీకి సాధారణంగా 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ విడిగా ఉంటుంది, దాన్ని మళ్లీ కొనకండి.

## ఆప్షన్లు ఎంతవరకు తీసుకోవాలి?

లగ్జరీ కంపెనీలకి మంచి లాభాలు వచ్చే చోటు ఇదే. మొదటి ధర చూసి మోజుపడి, కారుని మనకి నచ్చినట్టు ఎంచుకునే వెబ్‌సైట్ పేజీలో (కాన్ఫిగరేటర్) ఒక్కో గడి టిక్ చేస్తూ పోతే పై మోడల్ ధరకి చేరుకుంటాం. అమ్మేటప్పుడు వాటికి పెట్టిన డబ్బులో చిన్న భాగమే తిరిగొస్తుంది. రోజూ చేతికి, కంటికి తగిలేవి తీసుకోండి. మంచి సీట్లు, లైట్లు, కెమెరాలు లాంటివి. పెద్ద చక్రాలు ఫోటోలో బాగుంటాయి, గుంతల్లో ఏడిపిస్తాయి.

## ధర ఫిక్స్‌డ్ అంటున్నారు. నిజమేనా?

కొన్ని బ్రాండ్లకి నిజమే. టెస్లా మొదటినుంచీ నేరుగా అమ్ముతుంది, వెబ్‌సైట్‌లో ఉన్నదే ధర. మెర్సిడెస్ బెంజ్ 2021లో భారత్‌లో, 2023లో బ్రిటన్‌లో, ఇంకా కొన్ని దేశాల్లో ఏజెన్సీ పద్ధతికి మారింది. కారు యజమాని కంపెనీయే, డీలర్ కమీషన్ తీసుకుని అప్పగిస్తాడు, కాబట్టి ఇద్దరు డీలర్లని పోటీ పెట్టి లాభం లేదు. అక్కడ కూడా పాత కారు, వడ్డీ, బీమా, సర్వీస్ ప్యాకేజీ మీ చేతిలోనే ఉంటాయి. కంపెనీయే అప్పుడప్పుడు ప్రకటించే ఆఫర్ల కోసం ఆగొచ్చు కూడా.

## డెమో కారు (షోరూమ్ టెస్ట్ డ్రైవ్‌లకి వాడినది) తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, మంచి తగ్గింపుతో. కానీ అది కొత్త కారు కాదు. వందమంది వంద రకాలుగా తొక్కి చూసిన కారు. వారంటీ ఏ రోజు నుంచి మొదలైందో, మీరు మొదటి యజమాని అవుతారో రెండోవారో కాగితాల్లో చూసుకోండి.

## లీజుకైతే బేరం అవసరం లేదా?

ఎక్కువ అవసరం. లీజు అద్దె ప్రధానంగా రెండిటి మీద ఆధారపడుతుంది. ఒకటి, కారు ఇప్పటి ధరకీ లీజు ముగిసేనాటి అంచనా విలువకీ మధ్య తేడా. రెండోది వడ్డీ. ఇప్పటి ధర తగ్గితే అద్దె తగ్గుతుంది, కాబట్టి కొంటున్నట్టే ముందు ధర తేల్చుకోండి. అమెరికాలో వడ్డీని మనీ ఫ్యాక్టర్ అని 0.0025 లాంటి చిన్న అంకెతో చూపిస్తారు. దాన్ని 2,400తో గుణిస్తే వడ్డీ శాతం తెలుస్తుంది, ఇక్కడ 6 శాతం. ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు అనుమతిస్తారో, దాటితే కిలోమీటరుకి ఎంత వేస్తారో అడగకుండా సంతకం పెట్టొద్దు.

## అడ్వాన్స్ ఎంత కట్టాలి?

వీలైనంత తక్కువ, వెనక్కి ఇస్తారని రాసి ఇస్తేనే. విన్ నంబర్, మొత్తం ధర, డెలివరీ తేదీ బుకింగ్ కాగితం మీద ఉండాలి. ఫ్యాక్టరీ నుంచి రావాల్సిన కారైతే, ఈలోపు కంపెనీ ధర పెంచితే ఎవరు భరిస్తారో కూడా రాయించుకోండి. "మీకు వర్తించదు సార్, నేను చూసుకుంటాను" అన్న కుర్రాడు అప్పటికి వేరే షోరూమ్‌లో చేరి ఉండొచ్చు.

## కొన్న నెలకి మా బంధువు అదే కారు ఇంకా తక్కువకి కొన్నానన్నాడు. మోసపోయానా?

ముందు ఆయన ఇన్‌వాయిస్ అడగండి. తయారైన నెల, ఆప్షన్లు, పాత కారు, లోన్, ఏదో ఒకటి తేడా ఉంటుంది. మా బంధువుల్లో ఒకాయన నాకన్నా చాలా తక్కువకి కొన్నానని రెండేళ్లు చెప్పుకున్నాడు. ఒకరోజు ఆయన కారు పక్కన వంగి చెప్పు సర్దుకుంటూ టైరు మీద నాలుగు అంకెలు చూశాను. ఏమీ అనలేదు.